పగలంతా స్టేషన్ స్టాండులో ఉండే బైకు: ఏ హెల్మెట్ కొనాలి, దానికి తాళం ఎలా వేయాలి?

కాజీపేట పాసింజర్:
పొద్దున కాజీపేట స్టేషన్ స్టాండులో బైకు పెట్టి సికింద్రాబాద్ రైలెక్కితే మళ్ళీ రాత్రికే వచ్చేది. ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనాలి, 2,500 దాకా పెట్టగలను. కళ్ళద్దాలు వాడతాను. ఆదివారాలు మా ఆవిడ వెనక కూర్చుంటుంది, ఆమెకీ ఒకటి కావాలి (జడ ఉంటుంది). బైకు మామూలు 100 సీసీ, హెల్మెట్ పెట్టే డబ్బా ఏదీ లేదు. రైల్లో మోసుకెళ్ళడం నా వల్ల కాదు. సైజు ఎలా చూసుకోవాలి? ఐఎస్ఐ ఉంటే చాలా, ఈసీఈ (యూరప్ భద్రతా ప్రమాణం) కూడా ఉండాలా? బైకుకే తాళం వేసి వెళ్ళాలంటే ఎలా?

పాత స్పానర్:
కంపెనీ సంగతి తర్వాత, ముందు తల కొలవండి. దర్జీ టేపు కనుబొమలకు అంగుళం పైన పెట్టి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట చుట్టండి. రెండు మూడుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. మన హెల్మెట్ల లోపల 580, 600, 620 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. 58 సెంటీమీటర్లయితే 580, మామూలుగా దాన్నే ఎం అంటారు. 60 అయితే ఎల్. కంపెనీని బట్టి ఇది కొంత మారుతుంది కాబట్టి తలకి పెట్టి చూడకుండా కొనకండి.

షాపులో చేయాల్సింది: స్ట్రాపు రెండు కొసలూ పట్టుకుని పక్కలకి లాగుతూ తొడగండి. బుగ్గలు బాగా నొక్కుకోవాలి, నమిలితే లోపలి చర్మం పళ్ళకి తగిలేంతగా. కొత్తదానికి అది తప్పు కాదు, బుగ్గల ప్యాడ్లు కొన్ని వారాల్లో సడలుతాయి. ఇప్పుడు గడ్డం దగ్గర పట్టుకుని హెల్మెట్‌ను పక్కలకి తిప్పండి. బుగ్గల చర్మం దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారుతుంటే సైజు పెద్దది. తర్వాత స్ట్రాపు బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి దొర్లించండి. ఊడి వచ్చేస్తే ఎంత ఖరీదుదైనా అక్కడే వదిలేయండి, పడ్డప్పుడు జరిగేదీ అదే.

పదిహేను ఇరవై నిమిషాలు తలమీదే ఉంచండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తీశాక నుదుటి మధ్యలో ఒకేచోట ఎర్రగా కంది నొప్పి పెడితే అది సైజు తప్పు కాదు, ఆకారం తప్పు. మీ తల కోలగా, ఆ హెల్మెట్ గుండ్రంగా ఉందన్నమాట. చాలామంది అప్పుడు పెద్ద సైజు తీసుకుంటారు, దాంతో నుదురు హాయిగానే ఉంటుంది, పక్కలు వదులైపోతాయి. సైజు కాదు, మోడల్ మార్చాలి.

కళ్ళద్దాలు హెల్మెట్ తొడిగాక పెట్టుకోవాలి. కాడలు తిన్నగా, సన్నగా ఉన్న ఫ్రేము అయితే ప్యాడ్ల మధ్యకి సులువుగా వెళుతుంది. చెవి పైన నొక్కుకుంటే అరగంటకే తలనొప్పి, అందుకే షాపుకి అద్దాలతోనే వెళ్ళండి.

గడియారం సెంటర్:
ఐఎస్ఐ గురించి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని ద్విచక్ర వాహనాల హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం రెండూ నేరమే. ప్రమాణం ఐఎస్ 4151. గుర్తు పైన ఆ నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. స్టిక్కర్ ఎవడైనా అచ్చేయగలడు కాబట్టి ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థది) తెరిచి ఆ సీఎం/ఎల్ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, ప్రమాణం, లైసెన్సు గడువు వస్తాయి. హెల్మెట్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు కనిపిస్తే నకిలీ. ఈసీఈ 22.06 ఉంటే మంచిదే, అందులో పరీక్షలు ఇంకా కఠినం, ఏటవాలుగా తగిలే దెబ్బల్ని కూడా చూస్తారు. కానీ మీ బడ్జెట్‌లో దానికోసం వెతకడం కంటే, తలకి సరిగ్గా పట్టిన అసలైన ఐఎస్ఐ హెల్మెట్ తీసుకోవడమే మేలు.

డీఓటీ స్టిక్కర్ చూసి మురిసిపోవద్దు. అది అమెరికా ప్రమాణం, అక్కడ తయారీదారే తన సరుకు సరిపోతుందని ప్రకటించుకుంటాడు. ఇక్కడ రోడ్డు పక్క అమ్మే వాటి మీద ఆ స్టిక్కర్ ఊరికే అంటిస్తారు.

పాత స్పానర్:
గడ్డం భాగం లోపల కూడా వేలు పెట్టి చూడండి. చవక ఫుల్ ఫేస్‌లలో తలకి తర్మాకోల్ ఉంటుంది కానీ గడ్డం దగ్గర ఒట్టి ప్లాస్టిక్, దానిమీద గుడ్డ. గట్టి తర్మాకోల్ అక్కడా ఉన్నదే తీసుకోండి. తయారీ తేదీ కూడా లేబుల్ మీద చూడండి, గోడౌన్లో మూడేళ్ళు మగ్గినదాన్ని కొత్త ధరకి కొనక్కర్లేదు.

ఘాట్‌రోడ్డు:
మీ ఆవిడ గారికి కొలిచేటప్పుడు జడ కిందికి వేసి ఉంచే కొలవండి. కొప్పు, పెద్ద క్లిప్పు ఉంటే హెల్మెట్ ముందుకి వాలి కళ్ళ మీదికి వస్తుంది, స్ట్రాపు ఎంత బిగించినా నిలవదు. గట్టి క్లిప్పులు, పిన్నులు లోపల వద్దు, దెబ్బ తగిలితే అవే తలలో గుచ్చుకుంటాయి. మెడ దగ్గర రబ్బరు బ్యాండుతో వదులు జడ వేసుకుంటే ఇబ్బంది లేదు. నూనె రాసుకునే తలకి లోపలి గుడ్డ ఊడి వచ్చే మోడల్ చూడండి: గోరువెచ్చని నీళ్ళు, కాస్త షాంపూ, నీడలో ఆరబెట్టడం.

ఆమెకి హాఫ్ ఫేస్ (గడ్డం భాగం లేనిది) చాలు అని షాపువాడు అంటాడు. ఒప్పుకోకండి. దవడ సంగతి ఒకటి, తాళం సంగతి ఇంకోటి (కింద ఎవరైనా వివరంగా చెప్తారు).

నల్ల వైజర్:
తాళానికేముంది అన్నా? సీటు పక్కన హెల్మెట్ హుక్ ఉంటే స్ట్రాపు తగిలించి పోవుడే. లేకుంటే 150 రూపాయల నంబర్ లాక్ స్ట్రాపులకెళ్ళి వేసేయ్.

పాత స్పానర్:
చాయ్ తాగి వచ్చేలోపు అయితే సరే. పన్నెండు గంటలు స్టాండులో ఉండే బైకుకి కాదు. స్ట్రాపు నైలాన్ పట్టీ, బ్లేడు పెడితే క్షణంలో తెగుతుంది. పైగా దొంగ సగం కోసి వదిలేసినా నష్టం మీదే. స్ట్రాపును షెల్‌కి (పైనుండే గట్టి డొప్పకి) రివెట్ చేసి ఉంచుతారు, కుట్టించి వాడితే పడ్డప్పుడు కుట్టు దగ్గరే తెగుతుంది. తెగిన స్ట్రాపు ఉన్న హెల్మెట్ పారేయడమే.

అందుకే తాళం పడాల్సింది స్ట్రాపుకి కాదు, గడ్డం భాగానికి. ఫుల్ ఫేస్‌లో వైజర్ ఎత్తి, ముఖం దగ్గరి సందులోంచి కేబుల్ లోపలికి వేసి మెడ వైపు బయటికి తీస్తే అది గడ్డం చుట్టూ ఉచ్చులా పడుతుంది. తీయాలంటే హెల్మెట్ పగలగొట్టాలి, పగిలిన హెల్మెట్ ఎవడికీ పనికిరాదు. హాఫ్ ఫేస్‌కి ఈ వీలు లేదు, దానికి స్ట్రాపే దిక్కు. ఘాట్‌రోడ్డు గారు చెప్పింది అదే.

కేబుల్: ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు వైరు, 5–6 మిల్లీమీటర్ల మందం. రెండు హెల్మెట్లు కలపాలంటే పొడవు 1.2 నుంచి 1.5 మీటర్లు. 2–3 మిల్లీమీటర్ల స్ప్రింగు లాంటివి మామూలు కటింగ్ ప్లేయర్‌కే తెగుతాయి. ఆరు మిల్లీమీటర్లది కూడా పెద్ద కట్టర్‌కి ఆగదు, కానీ హెల్మెట్ కోసం పెద్ద కట్టర్ మోసుకొచ్చేవాడు అరుదు. మూడంకెల నంబరు తాళం అయితే కలిపి వెయ్యి నంబర్లే, తీరిక ఉన్నవాడు అన్నీ తిప్పేస్తాడు. నాలుగంకెలది లేదా కీ ఉన్నది తీసుకోండి. కొనగానే 0000 మార్చండి. వేశాక చక్రాలన్నీ కలియదిప్పండి. చివరి ఒక్క అంకె తిప్పి వదిలేసేవాళ్ళు ఎక్కువ, అలాంటిది తీయడానికి తొమ్మిది ప్రయత్నాలు చాలు.

గడియారం సెంటర్:
స్టాండులో కేబుల్‌ను చక్రంలోంచి వేయకండి. అక్కడి కుర్రాళ్ళు బండ్లు సర్దుతూ జరుపుతుంటారు, చాలా స్టాండుల్లో హ్యాండిల్ లాక్ కూడా వేయనివ్వరు. చక్రం తిరగక బలంగా లాగితే కేబుల్ పుల్లలకి పట్టి అవి వంగుతాయి. మీరే మర్చిపోయి స్టార్ట్ చేసినా అంతే.

హెల్మెట్ ఎడమవైపు ఉంచండి. మన బైకులకి సైలెన్సర్ దాదాపు ఎప్పుడూ కుడివైపే. అప్పుడే ఆపిన సైలెన్సర్‌కి తగిలితే వైజర్, షెల్ రెండూ కరుగుతాయి. మిర్రర్ కాడకి బోర్లించడం అలవాటుంటే మానేయండి, ఆ కాడ మొన లోపలి తర్మాకోల్‌లో గుంట చేస్తుంది. దెబ్బని ఆపేది ఆ తర్మాకోలే, ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ పొంగదు. పెట్రోల్ ట్యాంకు మీద బోర్లించినా బాగుండదు, ఆవిరి, కారిన పెట్రోల్ ప్లాస్టిక్‌ని పాడుచేస్తాయి.

కాజీపేట పాసింజర్:
అర్థమైంది. నా బైకుకి ఎడమవైపు శారీ గార్డు ఉంది, వెనక గ్రాబ్ రైలు (వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే కమ్మీ) ఉంది. కేబుల్ దేనికి వేయాలి? వానాకాలం సంగతేంటి?

పాత స్పానర్:
గ్రాబ్ రైలు లోహానిదై, లోపల ఫ్రేముకి బోల్టులతో బిగించి ఉంటే అదే బాగు. కొన్ని బైకులకి అది ప్లాస్టిక్ తొడుగు, దానికి వేయడం దండగ. శారీ గార్డు రెండు మూడు బోల్టులతో ఉంటుంది, స్పానర్ ఉన్నవాడికి ఊడుతుంది. గార్డు కమ్మీలోంచి, దాని వెనక సీటు కింద ఫ్రేము పైపు చుట్టూ కలిపి కేబుల్ వేయగలిగితే బోల్టులు విప్పినా రాదు. వేశాక కేబుల్ వదులు లాగి చూడండి. హెల్మెట్ సీటు మీద నిలబడేటంత ఉంటే చాలు. పక్కకి వేలాడితే పక్క బైకు హ్యాండిల్ తగిలి వైజర్ గీసుకుపోతుంది. బండి నడిపేటప్పుడు పక్కన తగిలించి వెళ్ళడం అసలే వద్దు, వెనక చక్రంలో ఇరుక్కుంటుంది.

వానకి: తలకిందులుగా ఉంటే గిన్నెలా నీళ్ళు నిండుతాయి. వైజర్ కేబుల్ మీదికి వీలైనంత దించి, సీటు మీద నిలువుగా పెట్టి, పైన ప్లాస్టిక్ సంచీ తొడిగి, సంచీ మూతి కేబుల్ చుట్టూ ముడి వేయండి. సంచీ ఉంటే లోపలున్నది కొత్తదా పాతదా అని కూడా కనిపించదు. తడిస్తే పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెట్టండి. ఎండలో, హెయిర్ డ్రయ్యర్‌తో వద్దు. తాళం చక్రాల్లో నెలకో చుక్క మెషిన్ ఆయిల్ వేయకపోతే జూలై దాటేసరికి పట్టేస్తాయి.

నల్ల వైజర్:
మంచిగ చెప్పిన్రు. మా తమ్ముడిది స్కూటీ, సీటు కింద హుక్ ఉంది గని హెల్మెట్ లోపల పట్టదు. ఆయనది క్లిక్ బకిల్, స్ట్రాపుకి డి-రింగ్ (హుక్‌కి తగిలించే డి ఆకారపు ఇనుప రింగు) లేదు. హుక్‌కి ఎట్ల తగిలించాలె?

పాత స్పానర్:
గడ్డం భాగం చుట్టూ తిరిగి హుక్ దాకా అందేంత వైరు రోపు, రెండు కొసలకీ ఉచ్చులు ఉన్నది చేయించండి. మందం 3–4 మిల్లీమీటర్లు మించితే సీటు సరిగ్గా మూసుకోదు. హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం గొట్టం పెట్టి నొక్కి ఇస్తారు. నట్టు బోల్టు క్లాంపు పెట్టించుకోకండి, స్పానర్‌తో విప్పేస్తారు. వైరును గడ్డం భాగం చుట్టూ తిప్పి, రెండు ఉచ్చులూ సీటు కింది హుక్‌కి వేసి, సీటు నొక్కి మూయండి. క్లిక్ మన్నాక సీటు వెనక అంచు పట్టుకుని ఒకసారి పైకి లాగి చూడాలి. వైరు అంచుమీద పడితే లాక్ పూర్తిగా పట్టదు, చూడటానికి మాత్రం మూసుకున్నట్టే ఉంటుంది.