నాన్నగారికి చూపించిన ఎర్ర గుర్తులు నా కంప్యూటర్‌లోనూ ఉన్నాయి: మరి మోసం ఎక్కడ జరిగింది?

ప్రశ్న (గౌతమీతీరం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు రాజమహేంద్రవరంలో ఉంటారు. తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు, వయసు 71. పదిరోజుల క్రితం ఆయన పంచాంగం కోసం వెతుకుతుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, కంప్యూటర్‌ను ఆపితే ఫైళ్లన్నీ పోతాయని చెబుతూ సైరన్ మోగిందట. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, ఎంతో మర్యాదగా మాట్లాడిన ఒక వ్యక్తి తాను మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని చెప్పి, ఏదో సాఫ్ట్‌వేర్ వేయించి, కంప్యూటర్‌ను అక్కడి నుంచే నడపడం మొదలుపెట్టాడు. ఒక జాబితా తెరిచి, అందులోని ఎర్ర గుర్తులను నాన్నగారి చేతే లెక్కపెట్టించాడు. ఏదైనా రాసిపెట్టుకోవడం ఆయనకు అలవాటు కనుక డైరీలో గుండ్రటి అక్షరాలతో ‘ఈవెంట్ వ్యూయర్ – 42 తప్పులు’ అని ఉంది. దాని కిందనే యూపీఐలో 8,500 రూపాయలు కట్టినట్టు కూడా ఉంది.

ఆ జాబితాను నా కంప్యూటర్‌లో తెరిచి చూస్తే అక్కడా ఎర్ర గుర్తులు కనిపించాయి. అవి నిజమైన లోపాలేనా? ‘నా కళ్లతో నేనే చూశాను కదమ్మా’ అంటున్న ఆయనకు ఎలా వివరించాలి? ఆ రోజు నుంచి ఆయన కంప్యూటర్ జోలికే వెళ్లడం లేదు.

జవాబు 1 (సర్వర్‌గది)

ఆ గుర్తులు నిజమైనవే. ఈ మోసం అంత సులువుగా సాగడానికి కారణం కూడా అదే. ఈవెంట్ వ్యూయర్ అనేది విండోస్ తనలో జరిగే ప్రతి చిన్న విషయాన్నీ రాసుకునే దినచర్య పుస్తకం వంటిది. ఏదో ఒక ప్రోగ్రాం ఆలస్యంగా మొదలైనా, నెట్ ఒక్క క్షణం ఆగినా అందులో నమోదవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఇటువంటివి వందల్లో ఉంటాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ పేరుతో తరచుగా కనిపించే 10016 సంఖ్య గల నమోదును పట్టించుకోనవసరం లేదని మైక్రోసాఫ్టే రాసింది. కెర్నెల్-పవర్ 41 అనేది మరొకటి. కంప్యూటర్‌ను పద్ధతి ప్రకారం మూయకుండానే అది ఆగిపోయిందని దాని అర్థం. మీ నాన్నగారిది బ్యాటరీ లేని డెస్క్‌టాప్ అయితే, కరెంటు పోయిన ప్రతిసారీ ఆ గుర్తు పడుతుంది.

కొందరు మోసగాళ్లు మరొక పని చేస్తారు. నల్లటి కమాండ్ తెరలో ‘అసోక్’ (assoc) అని కొట్టించి, చివర వచ్చే 888తో మొదలయ్యే పొడవైన సంఖ్యను చదివి, ఇది మీ ఒక్కరి కంప్యూటర్‌కే ఉన్న గుర్తింపు సంఖ్య అని నమ్మిస్తారు. ఆ సంఖ్య విండోస్ ఉన్న ఏ యంత్రంలోనైనా అదే ఉంటుంది. తెర మీద ఉన్నదంతా నిజం, దానికి వాళ్లు చెప్పిన అర్థం ఒక్కటే అబద్ధం. కాబట్టి మీ నాన్నగారు చూసినదాన్ని కాదనకండి.

అన్నట్టు, మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదు. ఆ సైరన్ తెర కేవలం ఒక వెబ్ పేజీ. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి ఉంచి నిండు తెర నుంచి బయటపడి ఆ పేజీని మూసినా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను మూసినా పోతుంది.

జవాబు 2 (న్యూజెర్సీ తెలుగువాడు)

ఇది ఫోన్ ముఠాలకే పరిమితమైన పని కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ ఉచితంగా కంప్యూటర్ పరీక్ష చేస్తామని చెప్పేది. మొదట్లో కంప్యూటర్ నెమ్మదిగా ఉందా, తరచుగా ఆగిపోతోందా వంటి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఒక్కదానికి టిక్కు పెట్టినా, పరీక్షలో ఏం తేలిందన్న దానితో సంబంధం లేకుండా, హానికర సాఫ్ట్‌వేర్ లక్షణాలు ఉన్నట్టు ఫలితం వచ్చేదని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థ 2.5 కోట్ల డాలర్లు, సాఫ్ట్‌వేర్ అందించిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. చదువుకున్నవారే నమ్మి డబ్బు కట్టారని మీ నాన్నగారికి చెప్పండి, కొంత ఊరట కలుగుతుంది.

జవాబు 3 (మెకానిక్ బెంచీ)

అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా రిపేరు షాపు నడుపుతున్నాను. మా వృత్తిలోనూ ఈ పాపం ఉందని చెప్పడానికి బాధగా ఉంది. కంప్యూటర్ ఆన్ కావడం లేదని తెస్తారు. చాలాసార్లు ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) ముక్కను తీసి, దాని ఇత్తడి రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే చాలు, పది నిమిషాల పని. దానికే మదర్‌బోర్డు పోయిందని వేలు వసూలు చేసేవారు ఉన్నారు. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే మార్చవలసింది నాణెమంత బ్యాటరీ ఒక్కటే. యంత్రాన్ని ఇచ్చేటప్పుడు ర్యామ్, డిస్కుల సీరియల్ నంబర్లను రసీదు మీద రాయించండి, మార్చిన పాత భాగాన్ని వెనక్కి అడగండి. నిజాయితీగా పనిచేసేవాడు ఆ మాటకు నొచ్చుకోడు.

ఇక మీ నాన్నగారి విషయానికి వస్తే, ముందుగా ఆ మోసగాడు వేయించిన సాఫ్ట్‌వేర్‌ను తీసివేయించండి. అది పూర్తయ్యే వరకు నెట్ కలపవద్దు. బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్పించండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఈరోజే చేయండి. డబ్బు చేతులు మారేకొద్దీ ఆపడం కష్టమవుతుంది.

ప్రశ్న అడిగినవారు (గౌతమీతీరం)

అందరికీ కృతజ్ఞతలు. 1930లో ఫిర్యాదు నమోదైంది. పాస్‌వర్డ్‌లు మార్చాము. నిన్న నెట్ తీసేసి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ జాబితా తెరిచాను. 41 సంఖ్య ఉన్న తేదీలను ఆయనే డైరీతో పోల్చి చూసుకున్నారు. ఒక తేదీ దగ్గర ‘గాలివాన, రాత్రంతా కరెంటు లేదు’ అని ఆయన చేతిరాతే ఉంది. మిగిలిన గుర్తుల అర్థాలు కూడా రాసిమ్మని అడిగారు. సర్వర్‌గది గారూ, 7031 అంటే ఏమిటో వీలైతే చెప్పగలరా?