నల్లమలలో యురేనియం తవ్వకాలపై చట్టబద్ధ నిషేధం: వినతి ఎవరికి రాయాలి?

అందరికీ నమస్కారం. నల్లమల అడవిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో యురేనియం తవ్వొద్దని 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది కదా, కానీ తీర్మానం చట్టం కాదు, అందుకే రాతపూర్వకంగా నిషేధం కావాలని ఊళ్లలో సంతకాలు పోగు చేస్తున్నాం. చాలా కాగితాల మీద సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ.

ముందు రాష్ట్ర ఆఫీసులో ఇచ్చాం. అణు ఖనిజం కేంద్రం పరిధి అని పైన పెన్నుతో ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఢిల్లీకి పోస్టు చేస్తే రసీదు తప్ప జవాబు లేదు. ఆర్టీఐ వేస్తే "ప్రస్తుతం ప్రతిపాదన లేదు" అన్నారు (ఇప్పుడు లేదంటే రేపు రాదని కాదుగా!). అటవీ హక్కుల చట్టం, 2006 కింద గ్రామసభ తీర్మానాలు కూడా చేయించాం, అయితే అవి ఒక్కో ఊరికే, మొత్తం అడవికి పనికొచ్చేలా లేవు.

ఆన్‌లైన్ పిటిషన్ల సలహా వద్దు, అదీ అయింది.

ఇలాంటి వాటిలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: 1957 గనుల చట్టానికి సవరణ కోరుతూ కేంద్ర గనుల శాఖకు రాయాలా, లేక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఆధారంగా హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయాలా, ఏది నిలబడుతుంది?