ఎస్‌డీఆర్‌లో ఏఎం ప్రసారానికి ఆడియో ఫిల్టరు హద్దులు ఎంత ఉండాలి?

ప్రశ్న (తిరుపతి)
పెద్దలందరికీ నమస్కారం. చిన్న ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) బోర్డుకు 100 వాట్ల ఆంప్లిఫయర్ తగిలించి, 40 మీటర్ల హ్యామ్ రేడియో బ్యాండులో ఉదయం పూట చిత్తూరు మిత్రులతో ఏఎంలో (క్యారియర్ అనే మూల తరంగం బలాన్ని మాటను బట్టి హెచ్చించి తగ్గించే పద్ధతిలో) మాట్లాడుతున్నాను. ఎస్‌ఎస్‌బీకి (క్యారియర్ లేకుండా దాని ఒక పక్కను మాత్రమే పంపే పద్ధతికి) పెట్టుకున్న 300 నుంచి 2700 హెర్ట్జ్ ప్రసార ఫిల్టరుతోనే మొదలుపెడితే గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుందన్నారు. పై హద్దును 6000కు పెంచినా ఆ తేడా పోలేదు. పైగా నాకు 7 కిలోహెర్ట్జ్ కింద ఎల్‌ఎస్‌బీలో (కింది పక్కను పంపే ఎస్‌ఎస్‌బీలో) ఉన్నవారు స్ప్లాటర్ (పక్క ఫ్రీక్వెన్సీల మీదికి చిమ్మే గోల) వస్తోందని అభ్యంతరం చెప్పారు. డ్రైవ్ (ఆంప్లిఫయర్‌కు ఇచ్చే సిగ్నలు) పెంచి క్యారియర్‌ను 60 వాట్ల దగ్గర ఉంచాను. ఏ హద్దులు పెట్టమంటారు?

జవాబు 1 (చిత్తూరు)
మీరు పెంచవలసింది పై హద్దు కాదండీ, దించవలసింది కింది హద్దు. మగవారి గొంతులో మూలస్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి, 300 దగ్గర కోస్తే నిండుదనమంతా పోయి పైస్వరాలే మిగులుతాయి. దాన్ని 100కు తెండి. అంతకంటే దించితే కరెంటు హమ్ము 50 హెర్ట్జ్ దగ్గర తోడై వస్తుంది. పై హద్దుకు 3500 చాలు. ఏఎంలో రెండు సైడ్‌బ్యాండ్లూ (క్యారియర్‌కు ఇరుపక్కలా మాటను మోసే భాగాలు) వెళ్తాయి గనుక 6000 పెడితే 12 కిలోహెర్ట్జ్ ఆక్రమిస్తారు. మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడమే 9 కిలోహెర్ట్జ్! వినేవారి ఫిల్టరు 6 కిలోహెర్ట్జ్ వెడల్పుదైతే 3000కు పైన మీరు పంపేది వారికి చేరనే చేరదు. ఈ హద్దులను ఏఎంకు వేరే ప్రొఫైల్‌గా భద్రపరచుకుంటే ఎస్‌ఎస్‌బీ అమరికలు చెదరవు.

జవాబు 2 (తిరుపతి)
పై మిత్రులు గొంతు సంగతి సరిగానే చెప్పారు, కానీ ఆ స్ప్లాటర్‌కు కారణం ఫిల్టరు కాదని నా అభిప్రాయం. 7 కిలోహెర్ట్జ్ కింద ఎల్‌ఎస్‌బీలో ఉన్నవారు వినేది మీ క్యారియర్‌కు 7 కిలోహెర్ట్జ్‌కు మించిన దూరంలో ఉన్నదాన్ని. మీ ఫిల్టరు 6 దగ్గరే ఆగుతోంది. అంటే అది ఫిల్టరు దాటాక, ఆంప్లిఫయర్‌లో పుట్టింది. నూరు శాతం మాడ్యులేషన్‌లో శిఖరశక్తి క్యారియర్‌కు నాలుగింతలు అవుతుంది గనుక, 60 వాట్ల క్యారియర్‌కు 240 వాట్లు కావాలి. 100 వాట్ల ఆంప్లిఫయర్ అంత ఇవ్వలేక శిఖరాలను నరికేస్తుంది. క్యారియర్‌ను 25 వాట్లకు దించండి. మన ఊరి ఎండల్లో, మాట్లాడకున్నా ఆగని క్యారియర్ వేడి తగ్గి ట్రాన్సిస్టర్లు కూడా ఊపిరి పీల్చుకుంటాయి.

ఇంకొకటి: మనిషి గొంతు తరంగం పైకీ కిందికీ సమానంగా ఉండదు. కిందివైపు ఎక్కువుంటే క్యారియర్ సున్నాకు తెగిపోయి మళ్లీ స్ప్లాటరే. మీ సాఫ్ట్‌వేర్‌లో ఫేజ్ రొటేటర్ (తరంగాన్ని పైకీ కిందికీ సమం చేసేది) ఉంటే వేసి, డమ్మీ లోడుపై (యాంటెనా బదులు తగిలించే రెసిస్టరుపై) ప్రసారం చేస్తూ, వేరే రిసీవరు వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్ల వెడల్పును చూపే తెరలో) చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు
100 నుంచి 3500, క్యారియర్ 25 వాట్లు పెట్టి డమ్మీ లోడుపై చూశాను. వాటర్‌ఫాల్‌లో ఇరువైపులా ఉన్న పొగమంచు పోయి, అంచులు 3.5 దగ్గర గీత గీసినట్టున్నాయి. ఈ ఉదయం చిత్తూరు వారు గొంతు గుర్తుపట్టేలా ఉందన్నారు, కానీ మునుపటికంటే చిన్నగా వినబడుతోందట. కంప్రెసర్ (మెల్లని మాటలనూ గట్టి మాటల స్థాయికి దగ్గర చేసేది) వాడవచ్చా?

జవాబు 2 (తిరుపతి)
వాడవచ్చు, అయితే 3 నుంచి 5 డెసిబెల్స్ మించకండి. ముందుగా, మీ గదిలో ఫ్యాను ఆపండి. కంప్రెసర్ మాటల మధ్య దాని చప్పుడునే పైకి లేపుతుంది.