అప్‌డేట్: అమ్మమ్మకీ, మా అమ్మాయికీ కలిపి నచ్చిన పాత సినిమా

సంక్రాంతి సెలవుల్లో ఎనభై దాటిన మా అమ్మమ్మ, పదో తరగతి చదివే మా అమ్మాయి కలిసి చూసేలా ప్రేమ, కామెడీ రెండూ ఉన్న పాత సినిమా చెప్పమని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

గెలిచింది 'మిస్సమ్మ' (1955). ఉద్యోగం కోసం ముక్కూమొహం తెలియని ఇద్దరు మొగుడూపెళ్లాలమని అబద్ధమాడతారు అనగానే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. సావిత్రి విసుక్కున్న ప్రతిసారీ "అచ్చం నువ్వేనే అమ్మా" అంటూ నన్ను ఒకటే ఆటపట్టించడం. అమ్మమ్మ సంగతి సరేసరి, పాట మొదలవకముందే తను అందుకునేది.

మర్నాడు జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987) పెట్టాం. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను మూడుసార్లు వెనక్కి తిప్పించారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఫ్యాన్ ఆపినా వాళ్లే లక్ష్మీపతి.

బ్లాక్ అండ్ వైట్ అంటే పిల్ల చూడదేమోనని పడ్డ టెన్షన్ దండగ. అసలు ఇబ్బంది నిడివి. 'మిస్సమ్మ' దాదాపు మూడు గంటలు, అమ్మమ్మ నడుం ఊరుకోదు. ఎవరో చెప్పినట్టే సగంలో ఆపి, భోజనాలయ్యాక మిగతాది చూశాం. 'శ్రీవారికి ప్రేమలేఖ' వేసవి సెలవులకి దాచాం.