చిన్న గదిలో హెచ్‌ఎస్‌టీ: బోగీలు తగ్గించాలా, ఊరు మార్చాలా?

థేమ్స్‌పక్కన:
అందరికీ నమస్కారం. మేముండేది ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్లో. ఇంట్లో చిన్న గది ఒకటి నాకు వదిలేశారు, 3.2 మీటర్ల పొడవు, 2.4 వెడల్పు. ఓఓ గేజ్‌లో (నిజం రైలుకి 76వ వంతు మోడల్) మా ఊరి మీదుగా పోయే గ్రేట్ వెస్టర్న్ మెయిన్ లైన్ కట్టాలని ఎన్నాళ్లనుంచో కోరిక. కాలం కూడా తేల్చుకున్నాను: 2017 అక్టోబరు నుంచి 2019 మే దాకా. కొత్త ఐఈటీ (ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్) రైళ్లు దిగాయి, పొడుగాటి హెచ్‌ఎస్‌టీ (హై స్పీడ్ ట్రెయిన్) డీజిల్ రైళ్లు ఇంకా పోలేదు. 1976 నుంచి పరిగెత్తిన బండీ, హిటాచీ వారి కొత్త బండీ లండన్ ప్యాడింగ్టన్‌లో పక్కపక్కన నిలబడ్డ రోజులవి.

చిక్కంతా పొడవుతోనే. రెండు చివరలా పవర్ కార్లు (ఇంజన్లు), మధ్యన ఎనిమిది బోగీలు పెడితే హెచ్‌ఎస్‌టీ ఓఓలో 2.88 మీటర్లు వస్తోంది. తొమ్మిది బోగీల ఐఈటీ 3.07. నా గోడే 3.2! అయిదు బోగీలతో హెచ్‌ఎస్‌టీ నడిపితే తప్పంటారా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాయింట్స్‌మన్, లెస్టర్:
తప్పని ఎవరూ అనరు, గది మీది, రైలు మీది. కానీ అడిగారు కాబట్టి చెబుతున్నా: నాకైతే నచ్చదు. హెచ్‌ఎస్‌టీ అందమే ఆ బారులో ఉంది. ముక్కు వాలుగా ఉన్న పవర్ కారు వెళ్లిపోయాక కిటికీలు వస్తూనే ఉండాలి, వస్తూనే ఉండాలి, చివర్లో రెండో పవర్ కారు రావాలి. మధ్యలో మూడు బోగీలు పీకేస్తే రెండు ఇంజన్లు అనవసరంగా ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టుంటుంది.

బోగీల సంగతి అలా ఉంచి మలుపుల లెక్క చూడండి. హెచ్‌ఎస్‌టీలో ఉండే మార్క్ 3 రకం బోగీ 23 మీటర్లు, ఓఓలో 30 సెంటీమీటర్లు. దాని కింద ముందూ వెనకా ఉండే చక్రాల ట్రక్కుల మధ్య దూరం 210 మి.మీ. ముందే వంచి అమ్మే సెట్‌ట్రాక్ పట్టాల్లో రెండో రేడియస్, అంటే 438 మి.మీ. మలుపులో పెడితే బోగీ నడుము లోపలికి 12 మి.మీ. పైన జరుగుతుంది, చివరలు బయటికి దాదాపు అంతే పొడుచుకొస్తాయి. అలాంటి మలుపులో ప్లాట్‌ఫాం కడితే అంచుకీ తలుపుకీ మధ్య పెద్ద సందు వదలాల్సి వస్తుంది. అదే 914 మి.మీ. రేడియస్‌లో ఆ జరుగుడు 6 మి.మీ.కి దిగుతుంది. మీ గదిలో 914తో గుండ్రంగా తిప్పితే తిన్నటి దారి 1.3 మీటర్లు కూడా మిగలదు, 610 అయితే నయం. రెండు కొసలా ఆ మలుపులు పోగా మధ్యలో తిన్నటి దారి 1.9 మీటర్లకు కాస్త తక్కువ మిగులుతుంది. మీ స్టేషన్ అందులోనే ఇమడాలి. ముందు ఆ కొలత గోడ మీద పెన్సిల్‌తో గీసుకోండి, బోగీల మాట తర్వాత.

పడమటిగాలి:
పాయింట్స్‌మన్ గారంటే గౌరవమే, ఈ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఓఓ అంటేనే సర్దుబాటు కదండీ! బండి 1:76, దాని కింద పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. ఆ ఎడం 1:87కి సరిపోయేది. బ్రిటన్ పట్టాలకు మన స్కేలులో 18.83 ఉండాలి. ప్రతి ఇంజనూ తన వెడల్పుకి ఇరుకైన దారి మీదే తిరుగుతోంది, మనం ఆ మాటే మరిచిపోయి ఆనందిస్తున్నాం. అంత ఒప్పుకున్నవాళ్లం బోగీల లెక్క దగ్గర ఎందుకు పట్టుబట్టాలి?

ఇంకోటి. నిజం స్టేషన్లో నిలబడ్డప్పుడు మొత్తం రైలు ఎవరి కంటికైనా ఆనుతుందా? మూడు నాలుగు బోగీలు కనిపిస్తాయి, మిగతావి జనం వెనకో, స్తంభాల వెనకో ఉంటాయి. మోడల్లో కూడా రోడ్డు వంతెన ఒక చివర, గుబురు చెట్లు ఇంకో చివర పెట్టి చూసే చోటుని బిగిస్తే అయిదు బోగీల బండి నిండుగా కనిపిస్తుంది. మా ఇంట్లో పిల్లలు ఎన్నడూ బోగీలు లెక్కపెట్టలేదు.

ఎన్‌గేజ్ మనిషి:
ఇంత ఆలోచన దేనికి? ఇంకా చిన్నదైన ఎన్ గేజ్‌కి రండి. 1:148లో అదే ఎనిమిది బోగీల హెచ్‌ఎస్‌టీ మీటరున్నర లోపే, తొమ్మిది బోగీల ఐఈటీ 1.58. డాపోల్ కంపెనీ హెచ్‌ఎస్‌టీ చేసింది, కాటో కంపెనీ 800 రకం ఐఈటీ చేసింది. 914 రేడియస్ మీ గదికి పెద్దదంటున్నారే, ఎన్‌లో దాని సగంతోనే ఆ అందం వస్తుంది.

థేమ్స్‌పక్కన:
ఎన్ గురించి ఆలోచించానండీ. నాకు సౌండ్ కావాలి. హెచ్‌ఎస్‌టీలోని ఎంటీయూ డీజిల్ ఇంజను ఆగి ఉన్నప్పటి గుర్రు, బయల్దేరేటప్పుడు పెరిగే హోరు చిన్న స్పీకర్లో నాకు ఆనలేదు. పైగా కళ్లద్దాలు లేకుండా పట్టాలెక్కించగలగాలి. ఓఓనే ఖాయం.

కాజీపేట లోకో:
నేను కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బ్రిస్టల్లో ఉంటాడు, వాడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ బళ్లు చూస్తుంటాను. మీరంతా పొడవు గురించే మాట్లాడుతున్నారు నాయనా, వేగం సంగతి ఎవరూ ఎత్తలేదు.

హెచ్‌ఎస్‌టీ మెయిన్ లైన్ మీద గంటకు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు దాటి పోయేది. ఓఓ కొలతలో సెకనుకు 73 సెంటీమీటర్లు. నీ 3.2 మీటర్ల గోడ నాలుగున్నర సెకన్లలో అయిపోతుంది! మెయిన్ లైన్ కట్టి నిజం వేగంతో నడిపితే బండి కనిపించేలోపు మలుపు తిరుగుతుంది. నెమ్మదిగా నడిపితే మెయిన్ లైన్ అనిపించదు. బోగీలు ఎనిమిదైనా అయిదైనా ఈ ఇబ్బంది పోదు. అదే గంటకు 40 మైళ్లతో స్టేషన్లోకి వచ్చే బండైతే అదే గోడకు పదమూడు సెకన్ల పైన పడుతుంది. బ్రేకు పడటం, ఆగటం, తలుపులు, సిగ్నల్ దిగటం, మళ్లీ కదలటం: బండి నడపడమంటే నాకు తెలిసింది అదే. మోడల్ బళ్లను డిజిటల్‌గా నడిపే డీసీసీలో సీవీ 3, సీవీ 4 అని సెట్టింగులుంటాయి, వేగం అందుకోవడానికీ తగ్గడానికీ. వాటిని బాగా పెంచి, చేతిలో కంట్రోలర్‌తో బండిని ప్లాట్‌ఫాం మీద ఆగాల్సిన చోటు చూపే బోర్డు దగ్గర సరిగ్గా ఆపి చూడు. అలవాటు పడ్డాక గిరగిరా తిప్పబుద్ధి కాదు.

పాయింట్స్‌మన్, లెస్టర్:
పెద్దాయన నా పని తేలిక చేశారు. గేజ్ గురించి అన్నారు కదా పడమటిగాలి గారూ, పట్టాల ఎడం ఎదురుగా వంగి చూస్తేనే తెలుస్తుంది. మనం చూసేది పక్కనుంచి, అక్కడ కనిపించేది పొడవే.

థేమ్స్‌పక్కన గారూ, మీ కాలాన్ని అలాగే ఉంచి ఊరు మార్చండి. ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ వెళ్లండి. 2020 జనవరి 1 నుంచి వికలాంగులకు అనువైన బోగీలు తప్పనిసరి కావడంతో చేత్తో తెరిచే తలుపుల బళ్లకు కాలం చెల్లింది. గ్రేట్ వెస్టర్న్ వాళ్లు కొన్ని మార్క్ 3లకు జరిగే తలుపులు పెట్టించి, నాలుగు బోగీలతో క్యాజిల్ సెట్లు చేసి అక్కడ తిప్పారు. ఓఓలో 1.67 మీటర్లు. ఒక్క బోగీ కూడా పీకకుండా నిజమైన పొట్టి హెచ్‌ఎస్‌టీ! 2018లోనే అక్కడికి 802 రకం ఐఈటీలు వచ్చాయి, అయిదు బోగీలది 1.71. రెండూ మీ తిన్నటి దారిలో పడతాయి. బ్రాంచి లైనుకి 150 రకం డీజిల్ బండి, రెండు బోగీలు, 53 సెంటీమీటర్లు.

అక్కడి పార్ స్టేషన్ చూడండి. న్యూకీ బ్రాంచి కలిసే జంక్షను. గూన్‌బారో నుంచి ఫోయ్ దగ్గరి కార్న్ పాయింట్‌కి చైనా క్లే (పింగాణీకి వాడే మట్టి) మోసే బండి అటే వెళ్లేది, 66 రకం డీజిల్ ఇంజను వెనక తెల్లటి మట్టి కొట్టుకుపోయిన సీడీఏ రకం వ్యాగన్లు. మీ కాలానికి చెయ్యి లేచి దిగే సెమాఫోర్ సిగ్నళ్లు ఇంకా ఉన్నాయి. పైన కరెంటు తీగలు లేవు కాబట్టి స్తంభాలు నాటే శ్రమా తప్పుతుంది.

పడమటిగాలి:
పార్ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆయన అడిగింది కార్న్‌వాల్ కాదు. రోజూ ఏ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారో ఆ ప్లాట్‌ఫాం కట్టుకోవాలని ఆశపడుతున్నారు. పరాయి దేశానికి వచ్చి ఒక ఊరితో చుట్టరికం కలిశాక, కొలత కుదరలేదని ఇంకో ఊరు కట్టుకోమంటే మనసు నిలుస్తుందా? చివరిదాకా పనిచేయించేది ఆ ఇష్టమే. ఆ ఇష్టం లేక సగంలో ఆగిన మోడళ్లు చాలా చూశాను, బోగీలు తక్కువై ఆగింది ఒక్కటీ లేదు. నా మాట మారదు: రీడింగే, అయిదు బోగీలు.

థేమ్స్‌పక్కన:
అందరికీ ధన్యవాదాలు. పడమటిగాలి గారి మాట నిన్నంతా వదల్లేదు. కానీ నాలుగున్నర సెకన్ల లెక్క చూశాక మెయిన్ లైన్ మీద ఆశ తగ్గింది. గోడ మీద గీసి చూశాను. 1.88 మీటర్లు. క్యాజిల్ సెట్ నిలబడి ఇంకా ఒక జానెడు మిగులుతోంది. పార్ వైపే మొగ్గుతున్నా.

ఎనిమిది బోగీల బండి కూడా కొంటాను. ఆ కాలంలో ప్యాడింగ్టన్ నుంచి పెన్‌జాన్స్‌కి అది పార్ మీదుగానే వెళ్లేది కదా. రెండు చివరలూ మలుపుల్లో ఉండిపోయినా నెమ్మదిగా దాటి పోతుంది.

కాజీపేట బాబాయ్, సీవీ 4 ఎంత పెట్టమంటారు? బోర్డు దాటిపోకుండా ఆగాలి.

కాజీపేట లోకో:
అంకె అడగొద్దు. ప్లాట్‌ఫాం చివర వంతెన కిందికి వచ్చినప్పుడు థ్రాటిల్ మూసెయ్, ఎక్కడ ఆగిందో చూడు. బోర్డు దాటితే తగ్గించు, ముందే ఆగితే పెంచు. పవర్ కార్లు రెండిట్లో మోటారు ఉండేది ఒకదాంట్లోనే అయితే అది ముందున్నప్పుడూ వెనకున్నప్పుడూ వేరువేరుగా చూసుకో.