గండికోట దారిలో ఇల్లు, రద్దయ్యే బుకింగులు, వాపసు లెక్కలు

డల్లాస్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా జమ్మలమడుగు. అమెరికాకు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. నాన్న పోయాక అమ్మ కడపలో అక్క దగ్గర ఉంటోంది. ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉంది. గండికోట చూడటానికి బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో జనం బాగా వస్తున్నారని, గదుల కోసం అడుగుతున్నారని ఊళ్లో స్నేహితులు చెబుతున్నారు. బ్యాంకులో కొంత అప్పు తీసుకుని మూడు గదులు బాగు చేయించి, రోజువారీ అద్దెకు పెడదామని ఉంది. మా బావ మాత్రం ఒకటే ప్రశ్న వేస్తున్నాడు: కరోనా లాంటిది మళ్లీ వస్తే అప్పు ఎవరు కడతారు అని. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి ఇళ్ల బుకింగు సంస్థలు ఇంటి యజమానిని (వాళ్ల మాటలో హోస్టు) ఎంచుకోమనే రద్దు నిబంధనల్లో అన్నిటికంటే కఠినమైనది పెట్టుకుంటే అతిథి వచ్చినా రాకపోయినా మన డబ్బు మనకు వస్తుంది కదా అన్నది నా ధీమా. 2020లో ఇలాంటి ఇళ్లు నడిపినవారు ఉంటే దయచేసి చెప్పండి.

ఫ్లోరిడా నుంచి, ప్రొద్దుటూరు వాడు:

తమ్ముడూ, మీ బావ తెలివైనవాడు. 2020లో అందరికంటే గట్టిగా మొత్తుకున్నది కఠిన నిబంధన పెట్టుకున్నవాళ్లే. అది అతిథికీ తమకూ మధ్య కుదిరిన ఒప్పందమని వాళ్ల నమ్మకం. ఆ ఒప్పందాన్ని మూడోవాడు ఒక్క ప్రకటనతో పక్కన పెట్టగలడని అప్పుడే తెలిసింది.

జరిగింది ఇది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అంది. ఎయిర్‌బీఎన్‌బీ మార్చి 14న తన అనివార్య పరిస్థితుల నిబంధనను అమలులో పెట్టింది. ఆ తేదీ వరకు బుక్ చేసుకుని, ఏప్రిల్ 14 లోపు దిగవలసిన అతిథులు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వాపసు. హోస్టు ఏ నిబంధన పెట్టుకున్నాడన్నదానితో పని లేదు. తర్వాత ఆ గడువును మే 31 వరకు, ఆపైన ఇంకా ముందుకు జరుపుతూ పోయారు. అలాంటిదే మరో సంస్థ వ్రబో, దాని దారి వేరు. నిర్ణయం ఇంటి యజమానికే వదిలి, డబ్బు ఇవ్వలేకపోతే కనీసం మరో తేదీకి జమ కట్టమని కోరింది. అక్కడ యజమానులు ఊపిరి పీల్చుకున్నారు, అతిథులు తిట్టుకున్నారు.

ఎయిర్‌బీఎన్‌బీ ఆ పని ఎలా చేయగలిగిందో తెలుసుకుంటే నీకు మిగతాదంతా తెలిసినట్టే. అతిథి కట్టిన డబ్బు నేరుగా నీకు రాదు. సంస్థ దగ్గరే ఉంటుంది. అతిథి ఇంట్లో దిగిన దాదాపు ఒక రోజు తర్వాతే నీ ఖాతాకు బయలుదేరుతుంది. ఏప్రిల్ బుకింగ్ డబ్బు మార్చిలో నీ చేతిలో లేదు. కాబట్టి నిన్ను అడగవలసిన అవసరమూ వాళ్లకు రాలేదు.

గొడవ ముదిరాక మార్చి 30న ఆ సంస్థ అధిపతి బ్రయాన్ చెస్కీ హోస్టులకు ఉత్తరం రాశాడు. మిమ్మల్ని సంప్రదించకుండా ఈ నిర్ణయం చెప్పినందుకు మన్నించండి అన్నాడు. 25 కోట్ల డాలర్లు కేటాయించి, మార్చి 14 నుంచి మే 31 మధ్య దిగవలసి ఉండి రద్దయిన బుకింగులకు 25 శాతం ఇస్తామన్నాడు. ఇది చదివి చాలామంది అతిథి కట్టినదానిలో పావు వంతు వస్తుందని లెక్కలు వేసుకున్నారు.

ఆ పావు దేనిలో పావో చూడు. వెయ్యి డాలర్ల బుకింగ్ అనుకో, సంస్థ రుసుములు పక్కన పెడదాం. అప్పటి కఠిన నిబంధన ప్రకారం వారానికి ముందే రద్దు చేస్తే సగం అతిథికి, సగం నీకు. నీకు మామూలుగా రావలసింది 500. అందులో పావు, 125 డాలర్లు. అతిథికి వెయ్యికి వెయ్యీ వెళ్లింది. మధ్యస్థ నిబంధన పెట్టుకున్నవాడి సంగతి ఇంకా అన్యాయం. అందులో ఐదు రోజుల ముందు వరకు రద్దుకు పూర్తి వాపసే, అంటే ముందుగా రద్దయిన బుకింగుకు హోస్టుకు మామూలుగా రావలసింది సున్నా. సున్నాలో పావు ఎంతో నువ్వే వేసుకో. ఇంకో కోటి డాలర్ల సహాయ నిధి కూడా పెట్టారు. పది లక్షలు ఉద్యోగులు, తొంభై లక్షలు ముగ్గురు వ్యవస్థాపకులు వేశారు. మనిషికి 5,000 డాలర్ల వరకు అన్నారు గానీ, అది మంచి గుర్తింపు ఉన్న కొందరు హోస్టులకే.

నాకు ఆర్లాండో దగ్గర ఒక ఇల్లు ఉంది. నా బుకింగులు ఏ సంస్థ ద్వారా వచ్చేవో ఇక్కడ రాయను. మార్చి నెల మధ్యలో డిస్నీ పార్కులు మూసేశారు. మార్చి 27న మా గవర్నరు అసలు విహారపు ఇళ్లు రోజువారీ అద్దెకు ఇవ్వకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. ఇల్లు ఖాళీగా ఉన్నా ఖర్చు ఖాళీగా కూర్చోదు. ఈతకొలనులో మనిషి దిగకపోయినా మందు వేయాల్సిందే, లేకపోతే ఆ ఎండకు నీళ్లు పాచిపట్టి పచ్చగా అయిపోతాయి. ఏసీ పూర్తిగా ఆపితే గోడలకు బూజు. కాలనీ సంఘం రుసుము ఆగదు. ఇంటి అప్పు కిస్తీలు కొన్ని నెలలు వాయిదా వేసుకునే వీలు ప్రభుత్వం కల్పించింది, కానీ వాయిదా అంటే మాఫీ కాదు కదా. చివరికి ఆ ఇంటిని నెలవారీ బాడుగకు ఇచ్చాను, తక్కువకే. ఒడ్డున పడ్డాను.

న్యూజెర్సీ నుంచి, అనంతపురం ఆడపడుచు:

అన్నా, మీ లెక్క సరైనదే, కానీ అవతలివైపు ఉన్నవాళ్లం, అంటే అతిథులం కూడా ఈ బృందంలో ఉన్నాం. 2020 ఏప్రిల్‌లో నా కాన్పు. అమ్మానాన్నల కోసం మా అపార్టుమెంటు పక్కనే ఒక చిన్న ఇల్లు మాట్లాడుకున్నాం. మార్చి 22 నుంచి భారత ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. ఇద్దరూ అనంతపురంలోనే ఉండిపోయారు. నేను మనసు మార్చుకుని రద్దు చేయలేదు, రావడానికి దారే లేదు. ఆ ఇంటి డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది. వేసవి కోసం ఒక సరస్సు పక్కన ఇంకో ఇల్లు మాట్లాడుకుంటే, ఆ యజమాని పైసా ఇవ్వలేదు. నిబంధన చూపిస్తూ ఉత్తరం రాశాడు. చట్టప్రకారం ఆయనదే సరి కావచ్చు. పసిబిడ్డతో ఒక్కదాన్నే ఉన్న ఆ రోజుల్లో ఆ ఉత్తరం చదివినప్పుడు మాత్రం నాకు చట్టం గుర్తుకు రాలేదు.

విమాన టికెట్ల విషయంలో మన సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఒక దారి చెప్పింది. లాక్‌డౌన్‌కు ముందు కొన్న టికెట్లకు 15 రోజుల్లో వాపసు, ఇవ్వలేని స్థితిలో ఉన్న విమాన సంస్థ 2021 మార్చి 31 వరకు వాడుకునేలా జమ ఇవ్వాలి అని. ఇళ్ల విషయంలో అలా మధ్యలో నిలబడి చెప్పిన పెద్దమనిషి లేడు. అతిథి, హోస్టు కొట్టుకున్నారు.

ఫ్లోరిడా నుంచి, ప్రొద్దుటూరు వాడు:

చెల్లెమ్మా, నీకు డబ్బు తిరిగి రావడం తప్పని ఎవరూ అనరు. ఎవరి జేబులోంచి ఇచ్చి ఎవరు మంచివారనిపించుకున్నారన్నదే మా కోపం. ఆ సంస్థకూ కష్టం వచ్చిన మాట నిజమే. ఏప్రిల్‌లో రెండు విడతలుగా 200 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది, మే నెలలో దాదాపు 1,900 మందిని, అంటే ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తీసేసింది. అదే ఏడాది డిసెంబరు 10న స్టాకు మార్కెట్లో షేర్లు పెట్టి కోలుకుంది కూడా. చిన్న హోస్టుకు అలాంటి మార్కెట్టు ఎక్కడిది?

సింగపూర్ నుంచి, పుట్టపర్తి ఫ్లాటు యజమాని:

నాది మూడో దారి. ఏ సంస్థా లేకుండా నేరుగా ఇచ్చేవాణ్ణి. అప్పట్లో పుట్టపర్తి అనంతపురం జిల్లాలోనే ఉండేది. విదేశీ భక్తులు వస్తే ఒకటి రెండు నెలలు ఉంటారు, అడ్వాన్సు నా ఖాతాలోనే పడుతుంది. 2020 మార్చి 13 నుంచి పర్యాటక వీసాలు నిలిపేశారు. డబ్బు నా దగ్గర ఉంది, కాబట్టి ఫోన్లూ నాకే వచ్చాయి. యూరప్ నుంచి రావలసిన వృద్ధ దంపతులతో మాట్లాడి సగం పంపేసి, సగం తర్వాతి రాకకు జమ కట్టాను. మామూలు విమానాల్లో వచ్చే పర్యాటకులకు 2021 నవంబరు 15 నుంచి వీసాలు మళ్లీ ఇచ్చారు. ఆ దంపతులు వచ్చారు, జమ వాడుకున్నారు. డబ్బు మన చేతిలో ఉండటం సుఖమని కొత్తవాళ్లు అనుకుంటారు. అప్పుడు ముఖం చాటేయడానికి వీలుండదు, అంతే తేడా. ఇప్పుడు ఒక కాగితం మీద ముందే రాయించుకుంటున్నాను: ప్రభుత్వం రాకపోకలు ఆపితే సగం వాపసు, సగం ఏడాదిన్నర వరకు జమ.

ఇక జమ్మలమడుగు సంగతి. తమ్ముడూ, నీ అతిథులు మా భక్తుల్లా నెలల ముందు బుక్ చేసేవాళ్లు కాదు. శుక్రవారం అనుకుని శనివారం తెల్లారి కారు ఎక్కే బెంగళూరు పిల్లలు. కాబట్టి రద్దు నిబంధన కఠినమా, మెత్తనా అన్నది నీకు పెద్ద విషయం కాదు. సంక్రాంతి, డిసెంబరు సెలవుల్లో తప్ప ముందస్తు డబ్బే ఉండదు, వాపసు ఇచ్చేదేముంటుంది? నిన్ను ముంచగలిగేది కొత్త బుకింగ్ రాకపోవడం. 2020 ఉగాది గుర్తుందా? మార్చి 25. దేవుని కడప గుడికి జనం బారులు తీరే రోజున దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ తర్వాత గండికోటకు వచ్చేదెవరు? వాపసు ఒక్కసారి తగిలే దెబ్బ. ఖాళీ గదులకు ప్రతి నెలా కిస్తీ కట్టడం అసలు దెబ్బ.

అందుకని మూడు గదులకు అప్పు వద్దు. ముందు ఒక గది, చేతి డబ్బుతో. ఇంకో ముఖ్యమైన మాట: ప్రతి గదికీ విడిగా వంటగట్టు, నీళ్ల పంపు, బయటి నుంచి దారి ఉండేలా కట్టించు. పర్యాటకులకు అవి అక్కరలేదు. కానీ రాకపోకలు ఆగిన రోజున ఆ గదిని నెలవారీ అద్దెకు ఇవ్వాలంటే అవే కావాలి. మీ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి, మైలవరం వైపు సోలార్ పార్కు ఉంది, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. మంచం, టీవీ, గోడమీద గండికోట బొమ్మ పెట్టిన గది వాళ్లకు పనికిరాదు.

సంస్థ ద్వారా వెళ్లినా ఇప్పటి నిబంధన చదువుకో. ఎయిర్‌బీఎన్‌బీ 2022 మే 31 నుంచి కోవిడ్‌ను మామూలు జబ్బుల్లో కలిపేసింది, అతిథికి జ్వరం వచ్చిందని పూర్తి వాపసు ఇవ్వదు. అయితే 2024 జూన్ 6 నుంచి అమలులో ఉన్న కొత్త నిబంధనలో ప్రభుత్వం ప్రకటించిన అంటువ్యాధులు, ప్రయాణ ఆంక్షలు ఉన్నాయి. అవి వస్తే నీ కఠిన నిబంధన మళ్లీ పక్కకే. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలపాలి (ఆ పత్రాన్ని ఫారం సి అనేవారు), అది మరవకు. అద్దె డబ్బు నీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం బ్యాంకులో తెరిచే ఖాతా) రావాలి, పాత సేవింగ్స్ ఖాతాలోకి కాదు.

న్యూజెర్సీ నుంచి, అనంతపురం ఆడపడుచు:

అందరూ రద్దు గురించి చెప్పారు, నేను ఒకటి అడుగుతాను. నాన్న పోయారన్నావు తమ్ముడూ. ఇల్లు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? నాన్న స్వార్జితమై, వీలునామా లేకపోతే అమ్మకు, అక్కకు, నీకు సమాన వాటాలు. అక్కను అడిగావా?

డల్లాస్ నుంచి, కొత్త సభ్యుడు:

ఇంకా నాన్న పేరు మీదే ఉందక్కా. వీలునామా లేదు. ఇంటి పన్ను రసీదు కూడా ఆయన పేరుతోనే వస్తోంది. అక్కతో ఈ మాట ఎత్తలేదు, బావ ప్రశ్న వెనక అది కూడా ఉందేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ ఆదివారం అమ్మతో, అక్కతో మాట్లాడి మళ్లీ రాస్తాను. సింగపూర్ అన్నా, మీరు రాయించుకునే కాగితం నకలు ఒకటి పంపగలరా? పేర్లు కొట్టేసి పంపినా చాలు.