చచ్చిన ప్రతిసారీ బాస్ దగ్గరికి మళ్ళీ పరిగెత్తాలా? రన్‌బ్యాక్ కష్టమా, కాలహరణమా?

గూట్లోదీపం

సిల్క్‌సాంగ్ వచ్చినప్పటి నుంచీ గొడవంతా "గేమ్ మరీ కష్టంగా ఉందా లేదా" అన్న దాని మీదే నడుస్తోంది. బాస్‌లు (దారి చివర కాచుకునే పెద్ద శత్రువులు) కష్టంగా ఉంటే నాకేం పేచీ లేదు. చచ్చాక మళ్ళీ ఆ బాస్ ముందుకి చేరడానికి పెట్టే పరుగు మీదే నా పేచీ.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2017 నాటి హాలో నైట్‌కి ఇది తరువాయి, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. చచ్చిపోతే చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గర లేస్తాం. అక్కడి నుంచి బాస్ గది దాకా పడే పరుగునే రన్‌బ్యాక్ అంటున్నాం. బ్లాస్టెడ్ స్టెప్స్ అనే ప్రాంతంలో లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి వెళ్ళే దారి చూడండి. ఎదురుగాలి, గోడల మీద గెంతులు, ఇసుకలోంచి తవ్వుకుంటూ మీదికొచ్చే శాండ్‌కార్వర్లు. ఇవన్నీ దాటుకుని లోపలికి వెళ్తే కాసేపటికే మళ్ళీ బెంచీ. పైగా ఆ జడ్జ్ ఓడిపోయాక కూడా పేలుతుంది, పక్కనే నిలబడి సంబరపడితే మనమూ పోతాం. (ఆ కొంటెతనం మాత్రం నాకు నచ్చింది.)

నేననేది ఇది: బాస్‌ని బాస్ దగ్గరే నేర్చుకుంటాం. ఆ దారిని ఒకటి రెండుసార్లలో నేర్చేసుకున్నాక ఇక అది మన టైమ్ తినడం తప్ప చేసేదేమీ లేదు. 2010లో సూపర్ మీట్ బాయ్ చచ్చిన మరుక్షణమే మళ్ళీ నిలబెట్టేది. 2018లో సెలెస్ట్ ఏ గదిలో చస్తే ఆ గదిలోనే లేపింది. ఈ రెండూ తేలికైన గేమ్‌లని ఎవరైనా అనగలరా?

ప్యారీమాస్టర్

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అన్నా నీ వరస. బెంచీ దగ్గర లేవడం మొదటి గేమ్‌లోనూ ఉంది, అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. 1988 నింజా గైడెన్‌లో చివరి బాస్ దగ్గర చస్తే ఆరో స్టేజీ మొదటికి తోసేసేవాడు. దాన్ని పూర్తి చేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చెక్‌పాయింట్ (చచ్చాక లేచే చోటు) తెచ్చి బాస్ తలుపు ముందు పెట్టావనుకో, ఏమవుతుంది? చచ్చినా పోయేదేం లేదు కాబట్టి గుడ్డిగా దూకుతావు. ప్రాణం మీద తీపి ఉండదు. ఆఖరి మాస్క్ (ఈ గేమ్‌లో ప్రాణాన్ని కొలిచేది మాస్క్‌లతోనే) మిగిలినప్పుడు చేతులు వణకాలి కదా, ఆ వణుకు ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నావు? ఓడితే ఆ దారంతా మళ్ళీ పడాలన్న భయం నుంచే.

గూట్లోదీపం

మద్దెల నిజంగానే ఓడైతే ఏమనాలి మరి?

నింజా గైడెన్ ఉదాహరణ నా వైపే పనికొస్తుంది. ఆ రోజుల్లో ఇళ్ళకొచ్చిన గేమ్‌ల వెనక ఆర్కేడ్ అలవాట్లు ఉండేవి. ఆర్కేడ్‌లో ఆటగాడు త్వరగా చస్తేనే ఇంకో నాణెం పడుతుంది. 1985 ఘోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్ అయితే చివరిదాకా గెలిచాక "ఇదంతా మాయ, మళ్ళీ మొదటి నుంచి ఆడు" అంటుంది. అక్కడ వ్యాపారం అది. గేమ్ కొనుక్కుని ఇంట్లో కూర్చున్నవాడిని మళ్ళీ నడిపిస్తే ఎవరికి లాభం?

వణుకు సంగతంటావా, సెకీరో గేమ్‌లో చాలా బాస్‌ల దగ్గరే చచ్చాక లేచే విగ్రహం ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే పోరాటం మొదలు. అక్కడ ఎవరికీ చేతులు వణకలేదా?

కోడ్‌కూలీ

గేమ్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మీరిద్దరూ "కష్టం" అంటున్నారు గానీ అందులో వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వేళ్ళతో చేయాల్సిన పని ఎంత కష్టం అన్నది ఒకటి. తప్పితే ఎంత పోతుంది అన్నది ఇంకొకటి. మా పనిలో ఈ రెండూ వేరువేరు అంకెలు, ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని మార్చొచ్చు. డార్క్ సోల్స్ 2లో చచ్చిన ప్రతిసారీ మన గరిష్ఠ ప్రాణశక్తి తగ్గుతూ సగం దాకా పడిపోయేది. శత్రువుకి కొత్త ఎటాక్ ఒక్కటి కూడా ఇవ్వలేదు, శిక్ష మాత్రం పెంచారు.

కానీ ఆటగాళ్ళు కంట్రోలర్ విసిరేసేది ఎక్కువగా ఈ రెండింటి వల్ల కాదు. "నేనెందుకు చచ్చాను?" అన్నదానికి జవాబు దొరక్కపోతే అప్పుడు విసిరేస్తారు. దెబ్బ తగిలినట్టు కనిపించలేదు కానీ ప్రాణం పోయింది, కెమెరా గోడలో ఇరుక్కుంది, నొక్కిన బటన్ ఆలస్యంగా పలికింది... అలాంటివి. జవాబు తెలిస్తే పదిసార్లు ఓడినా "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. ఇక రన్‌బ్యాక్ చేసే నష్టం ఏమిటంటే, ఆ జవాబు చేతిలో వేడిగా ఉన్నప్పుడే ప్రయోగించి చూసే అవకాశం ఇవ్వదు. ఎడమవైపు డాడ్జ్ చేయాల్సింది (దెబ్బ తప్పించుకోవాల్సింది) అని తెలుసుకున్నావు. ఆ డాడ్జ్ చేసే క్షణం మళ్ళీ వచ్చేలోపు ఇసుక, గాలి, గెంతులు. సగం మర్చిపోయి ఉంటావు.

అయితే గూట్లోదీపం గారూ, మీ వాదనలో ఒక పెద్ద చిల్లు ఉంది. సెకీరోలో చివరి ఇష్షిన్ పోరాటం గుర్తుందా? ముందు గెనిచిరోని ఓడించాలి, తర్వాత ఇష్షిన్‌వి మూడు దశలు. చివరి దశలో చచ్చారా, మళ్ళీ గెనిచిరో నుంచే. నడక లేదు సరే, మరి ఆ మొదటి దశ ఏమిటి? మీకు పూర్తిగా వచ్చేసిన పనిని ప్రతిసారీ మళ్ళీ చేయించడమే కదా. రన్‌బ్యాక్‌ని గది లోపలికి తెచ్చి, దానికి "ఫేజ్ వన్" అని పేరు పెట్టారు. ఇది న్యాయం, అది అన్యాయం అని ఎలా అంటారు?

గూట్లోదీపం

తేడా ఉంది. గెనిచిరో మొదట్లో మనల్ని చితక్కొట్టినవాడు. చివర్లో అదే గెనిచిరోని దెబ్బ తగలకుండా దాటేస్తుంటే మనం ఎంత ఎదిగామో కళ్ళముందు కనబడుతుంది. ఆ దశ మళ్ళీ ఆడటంలో ఒక ఆనందం ఉంది.

ప్యారీమాస్టర్

హహ, దొరికావు. జడ్జ్ దారి కూడా సరిగ్గా అంతే కదా! మొదటిసారి శాండ్‌కార్వర్ల చేతిలో చచ్చాం. ఇప్పుడు ఒక్క దెబ్బ తగలకుండా, ఆగకుండా, గాల్లో తేలుతూ వెళ్ళిపోతున్నాం. ఎదగడం బాస్ గదిలోనే జరగాలని రూలా? ఆ దారిలో మనం ఆడించే పాత్ర హార్నెట్ కదలికే నేర్పుతున్నారు, ఆ కదలికతోనే కదా జడ్జ్‌తో ఆడేది.

వేగులచుక్క

ఈ విషయంలో నేను ప్యారీమాస్టర్ వైపే, కానీ భయం కోసం కాదు.

వరసగా ఓడిపోతున్నప్పుడు మనిషి టిల్ట్ అవుతాడు. ఇక చూడడు, ఆలోచించడు, బటన్లు బాదుతాడు. తలుపు ముందే లేపితే ఆ బాదుడు ఆగదు, ఒకే తప్పు యంత్రంలా చేస్తూ పోతాం. ఆ పరుగులో శ్వాస కాస్త కుదురుకుంటుంది. "ఇందాక అది చెయ్యెత్తగానే తొందరపడ్డాను" అన్నది చాలాసార్లు దారిలోనే తడుతుంది.

ఇంకో మాట. దూరం అనేది లేకపోతే దగ్గరితనానికి విలువ లేదు. 2011 డార్క్ సోల్స్‌లో అన్‌డెడ్ పారిష్ చర్చి నుంచి లిఫ్ట్ ఎక్కి దిగితే మొదట బయల్దేరిన ఫైర్‌లింక్ ష్రైన్‌లో తేలుతాం. అంత కష్టపడి వచ్చిన దారి అంతా ఒక్క లిఫ్ట్‌తో ముడిపడిపోతుంది. ఎక్కడ చచ్చినా పక్కనే లేపే గేమ్‌లో ఆ లిఫ్ట్ ఎవడిక్కావాలి?

అసలు నడక తీసేస్తే చిరాకు పోతుందన్నది కూడా భ్రమే. ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే బాస్ ముందు విశ్రాంతి చోటు దగ్గర్లోనే ఉంటుంది. అయినా జనం మొత్తుకున్నది ఆమె గురించే, ఎందుకంటే మనం షీల్డ్ అడ్డం పెట్టినా సరే, ఆమె దెబ్బ తగిలితే ఆమెకి ప్రాణం తిరిగొస్తుంది.

నిప్పుకణిక

సిల్క్‌సాంగ్‌లో బైల్‌వాటర్ అనే చోటు గురించి ఎవరూ మాట్లాడరేంటి?? ఒంటికి పురుగులు పట్టే నీళ్ళు, అవి ఉన్నంతసేపూ హీల్ అవదు, ఆ చివర గ్రోల్ అనే బాస్. అక్కడ నాకే శ్వాసా కుదురుకోలేదు వేగులచుక్క గారూ.

వేగులచుక్క

అక్కడ దాచిపెట్టిన బెంచీ ఒకటుంది, చూశారా? ఆ విసుగే మనల్ని గోడలు తట్టి వెతికిస్తుంది.

నిప్పుకణిక

ఉందని వీడియో చూశాక తెలిసింది. అంటే జవాబు గేమ్ బయట ఉంది. గొప్ప డిజైన్.

ఒంటిచేయి_ఆట

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ రన్‌బ్యాక్ ఖరీదుని టైమ్‌లోనే కొలుస్తున్నారు. నాకు కుడిచేతి వేళ్ళు త్వరగా అలిసిపోతాయి, నరాల సమస్య. గ్రిప్ వదలకుండా కాసేపే ఆడగలను. ఆ కాసేపట్లో సగం ఓపిక పరుగులోనే పోతే బాస్ దగ్గరికి చేరేసరికి చెయ్యి పనిచేయదు. వేగులచుక్క గారికి విశ్రాంతినిచ్చే పరుగు నాకు అసలు పోరాటం కంటే ఎక్కువ శ్రమ.

నాలాంటివాళ్ళ కోసం గేమ్‌లు ఏమీ చేయలేదని అనను. సెలెస్ట్ అసిస్ట్ మోడ్‌లో వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. హేడిస్ గాడ్ మోడ్‌లో 20 శాతం రక్షణతో మొదలై, చచ్చిన ప్రతిసారీ 2 శాతం చొప్పున 80 దాకా పెరుగుతుంది. ఇది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఓడిపోయిన కొద్దీ చేతికి ఏదో ఒకటి మిగులుతుంది. లైస్ ఆఫ్ పీ 2023లో ఒకే స్థాయితో వచ్చి, 2025లో స్థాయిలు ఎంచుకునే వీలు తెచ్చుకుంది. ఆ మార్పుతో కష్టమైన స్థాయిలో ఆడేవాళ్ళ ఆనందం ఏమైనా తగ్గిందా?

కానీ గమనించారా, ఈ ఆప్షన్లన్నీ దెబ్బనో వేగాన్నో తగ్గిస్తాయి. దూరాన్ని తగ్గించే ఆప్షన్ ఎంత అరుదో! నాకు బాస్‌ని బలహీనం చేయొద్దు. పూర్తి బలంతోనే కొట్లాడతాను. తలుపు దగ్గర నిలబెట్టండి చాలు.

ప్యారీమాస్టర్

మీకు ఆ ఆప్షన్ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం ఉంటుందండీ. ఇచ్చే తీరులోనే తేడాలొస్తాయి. కప్‌హెడ్‌లో సింపుల్ అనే తేలిక మోడ్‌లో బాస్‌ని ఓడించినా ముందుకెళ్ళడానికి కావాల్సిన ఒప్పందం చేతికి రాదు, చివరి పోరాటాల దాకా వెళ్ళలేం. అది మోసం. 2005 నింజా గైడెన్ బ్లాక్‌లో అయితే నింజా డాగ్ అనే తేలిక మోడ్ ఎంచుకున్నవాడికి రిబ్బన్ కట్టి మరీ వెక్కిరించారు. అది మోసం కంటే అన్యాయం.

కానీ అందరికీ డిఫాల్ట్‌గా తలుపు దగ్గర లేపమంటే ఒప్పుకోను. తయారుచేసినవాళ్ళు ఒక రుచి కోసం దూరం పెట్టారు. ముందు ఆ రుచి చూడాలి.

కోడ్‌కూలీ

ఆ రుచి గురించి వాళ్ళే ఏం చేశారో చూడండి. గేమ్ వచ్చిన కొద్దిరోజులకే మొదటి ప్యాచ్‌లో (గేమ్‌ని సరిదిద్దే అప్‌డేట్‌లో) మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే తొలి దశ బాస్‌లని కాస్త తగ్గించారు. వార్తలన్నీ ఆ రెండింటి గురించే. కానీ అదే ప్యాచ్‌లో శాండ్‌కార్వర్ల దెబ్బ కూడా తగ్గించారు, డబ్బు కట్టి వాడుకోవాల్సిన కొన్ని బెంచీల ధరలూ తగ్గించారు. అంటే లాస్ట్ జడ్జ్‌ని ముట్టుకోకుండా ఆ జడ్జ్ దగ్గరికి వెళ్ళే దారిని సులువు చేశారన్నమాట. దూరం అలాగే ఉంచి, దూరంలో ఉన్న ముల్లు తీశారు.

నన్నడిగితే తవ్వాల్సిన చోటు అదే. పరుగు ఉండనివ్వండి, కానీ ఆ పరుగులో ప్రాణం తగ్గకూడదు. బాస్ దగ్గరికి మూడు మాస్క్‌లతో చేరేవాడికి పూర్తి పోరాటం దొరకట్లేదు. అయిదింటితో మొదలయ్యే గేమ్‌లో, ఒక్కో దెబ్బకి రెండేసి పోతుంటే, దారిలో ఒక్క తప్పు చేసినవాడు సగం ఓడిపోయాకే గదిలోకి వెళ్తున్నాడు.

గూట్లోదీపం

దారిలో దెబ్బ తగిలితే జనం చేసేది ఇంకా విడ్డూరం. కావాలనే చచ్చి, మళ్ళీ బెంచీ నుంచి మొదలుపెడతారు. ప్యారీమాస్టర్ చెప్పే ప్రాణం మీద తీపి అక్కడ ఏమైపోయిందో మరి.

ప్యారీమాస్టర్

దారిలో శత్రువుల్ని కొట్టి సిల్క్ (కొట్టిన కొద్దీ నిండే శక్తి) నింపుకుని, గదిలో అడుగుపెట్టే ముందు బైండ్ చేసుకుంటే (ఆ సిల్క్‌తో గాయం మాన్పుకుంటే) మూడు మాస్క్‌లు వెనక్కొస్తాయి. చచ్చి లేవడం కంటే అదే తొందర. ఇది కూడా ఆ దారి నేర్పేదే, పరిగెత్తేవాళ్ళకి కనబడదు.

ఒంటిచేయి_ఆట

అందుకోసం ఆగి కొట్టే ప్రతి శత్రువూ నా వేళ్ళ ఖాతాలోకే వస్తాడండీ. పై పోస్ట్‌లో రాసింది అదే.

ప్యారీమాస్టర్

సరే, మీ విషయంలో నా దగ్గర జవాబు లేదు. మిగతావాళ్ళు మాత్రం బెంచీ నుంచే బయల్దేరండి.